రన్‌వే అక్కర్లేని దొరగారికి

మహారాజశ్రీ నిట్టనిలువు విమానం గారి సముఖానికి,

అనంతపురం నుంచి ఒక ఆర్టీసీ ప్రయాణికుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. వాన ఎప్పటిలాగే రావలసినప్పుడు రాలేదు, వేరుశనగకు ఎప్పటిలాగే ధర లేదు. తమరు క్షేమమని తలుస్తాను.

2025 నవంబరులో విశాఖపట్నంలో పెట్టుబడుల సదస్సు జరిగినప్పుడు, ఎగిరే టాక్సీల కర్మాగారం మా జిల్లాలో, కళ్యాణదుర్గం వైపు పెడతామని బెంగళూరు కంపెనీ ఒకటి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఆ వార్త వచ్చిన రోజు మా వీధి చివరి టీ కొట్టులో వేరే మాట లేదు. "ఇంకేం, మిద్దె మీద ఎక్కితే బెంగళూరు మిద్దె మీద దిగడమే" అని ఒకాయన. "ముందు కళ్యాణదుర్గం బస్సు ఎన్నింటికో చెప్పు స్వామీ" అని ఇంకొకాయన. మూడో ఆయన ఏమీ అనలేదు, అటు పక్క ఎకరం ఎంత పలుకుతోందో ఫోనులో కనుక్కుంటున్నాడు. తమరు ఇంకా నేల విడవలేదు, ధర మాత్రం అప్పుడే లేచిందని ఆయన ముఖం చెప్పింది.

పుష్పక విమానం ఊసు నేను ఎత్తను. మీ మీద జరిగే ప్రతి సభలో ఎవరో ఒకరు ఎత్తుతారు, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. పైగా పుష్పకానికి ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు ఉండేదట. మీ దగ్గర లేనిది సరిగ్గా అదే.

మామూలు విమానం మర్యాద తెలిసినది. రన్‌వే మీద పరుగెత్తి, గాలిని రెక్కల మీదికి రప్పించి, బరువంతా దానికే అప్పగిస్తుంది. ఇంజన్‌కు మిగిలేది ముందుకు నెట్టే పని. అందుకే పెద్ద ప్రయాణికుల విమానాల ఇంజన్లు విమానం బరువులో మూడో వంతు తోపు (నెట్టే బలం) ఇచ్చినా పని జరిగిపోతుంది. మీకు ఆ ఓపిక లేదు. నిలుచున్న చోటే లేవాలి. అంటే మీ బరువును మించిన తోపు మీరే పుట్టించాలి. అంత తోపు అవసరమయ్యేది ఎక్కేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు, దిగేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు. మిగతా దారంతా ఆ యంత్రాలను వీపున వేసుకుని తిరగాలి.

ఎత్తిపోత అంటే ఏమిటో మా సీమవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర పంపులతో ఎత్తితే గానీ హంద్రీ-నీవా కాలువలో నీరు మా వైపు కదలదు. పల్లానికి పారే నీటికి కరెంటు బిల్లు రాదు, ఎత్తిన నీటికి చుక్కచుక్కకూ వస్తుంది. అయినా మేం ఎత్తుకుంటాం, ఎందుకంటే పైకి వచ్చిన నీరు పొలానికి పోతుంది. మీ విషయంలో నా అనుమానం అక్కడే. ఇంత ఖర్చు పెట్టి పైకి లేచాక, మీలో మోయడానికి ఏం మిగిలింది?

మీ వంశ చరిత్ర తిరగేస్తే నవ్వు ఆగదు, క్షమించాలి. 1954లో అమెరికాలో కాన్‌వేర్ పోగో అని మీ పూర్వీకుడొకరు తోక మీద నిలబడి ఆకాశం వైపు ముక్కు పెట్టి లేచాడు. లేవడం బాగానే ఉంది. దిగేటప్పుడు పైలట్ వెల్లకిలా పడుకున్నట్టు కూర్చుని, భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ నేల ఎక్కడుందో వెతుక్కోవాలి. ర్యాన్ ఎక్స్-13 అనే ఇంకొకరు 1957లో ట్రైలర్ మీద నిలబెట్టిన చట్రం నుంచి లేచి, తిరిగి వచ్చి ముక్కు కింది కొక్కేన్ని అక్కడి తీగకు తగిలించుకుని వేలాడేవారు. చొక్కా తగిలించడానికి కూడా గురి చూసుకోవలసిన నాలాంటి వాడికి ఆ పైలట్ మీద అపారమైన గౌరవం.

కెనడాలో తయారైన ఆవ్రోకార్ మరీ ముద్దొస్తుంది. పళ్లెం ఆకారం. అమెరికా సైన్యం డబ్బుతో 1959 నుంచి 1961 దాకా పరీక్షలు చేశారు. నేల నుంచి మూడడుగులు దాటితే ఊగిపోయేది. వామనుడు మూడడుగులతో ముల్లోకాలూ కొలిచాడు, దీని మూడడుగులతో ఇంటి ప్రహరీ కూడా దాటలేం. జర్మనీ వారి డోర్నియర్ 31కి ఏకంగా పది ఇంజన్లు, వాటిలో ఎనిమిది కేవలం లేవడానికీ దిగడానికీ. ఫ్రాన్సు వారి నిలువు మిరాజ్‌కు తొమ్మిది. పెళ్లికూతురి కంటే నగల బరువు ఎక్కువైతే పల్లకీ మోసేవాళ్లకు తెలుస్తుంది. రెండు దేశాలూ లెక్క చూసుకుని ఆ ముచ్చట చాలించాయి.

వీళ్లందరిలో నాకు ఎక్కువ ఇష్టమైనది అమెరికా నౌకాదళం చేయించిన ఎక్స్‌ఎఫ్‌వీ-12. ఇంజన్ గాలిని రెక్కల్లోంచి పంపి, చుట్టుపక్కల గాలిని కూడా లాగి, తోపును పెంచుకుంటామని కాగితం మీద చూపించారు. 1978లో తాళ్లు కట్టి పరీక్షిస్తే, దాని బరువులో ముప్పాతిక వంతు మాత్రమే ఎత్తగలిగింది. అంటే ముప్పాతిక విమానం లేవడానికి సిద్ధం, పావు విమానం ఒప్పుకోలేదు. మా జిల్లాలో చాలా పథకాల పరిస్థితి ఇదే గనుక నాకు అదంటే ఆప్యాయత.

మీ ఇంట్లో పరువు నిలబెట్టిన పెద్దమనిషి హారియర్. బ్రిటన్‌లో 1960లో దాని తొలి నమూనా గాలిలో నిలబడింది. ఒకే ఇంజన్, గాలి చిమ్మే నాలుగు నాజిళ్లు, వాటిని కిందికి తిప్పితే లేవడం, వెనక్కి తిప్పితే పోవడం. వేరే ఇంజన్లు మోయక్కర్లేదు. అంత తెలివైన ఏర్పాటు మీ కుటుంబంలో అంతకుముందు లేదు. మన నౌకాదళం 1983 నుంచి సీ హారియర్‌లను వాడింది, విక్రాంత్ మీద, తరువాత విరాట్ మీద. 2016లో వాటికి వీడ్కోలు చెప్పింది. కానీ ఆ ఓడల మీద అవి లేచింది ఎలాగో తమకు తెలుసు. నిలువుగా లేస్తే ఆయుధాలూ ఇంధనమూ తగ్గించుకోవాలి. అందుకని ఓడ ముందు భాగాన్ని పైకి వంచి, దాని మీదుగా పరుగు తీయించి గాలిలోకి విసిరేవారు. ఇంధనం ఖర్చయి ఒళ్లు తేలికయ్యాక, దిగడం మాత్రం నిలువుగా.

హారియర్ గురించి ఇంకొక సంగతి చదివి మా ఇంటి పంపు వైపు చూశాను. ఎండ వేళ, బరువుతో గాలిలో నిలబడాలంటే ఇంజన్ వేడెక్కిపోతుంది, దాన్ని చల్లబరచడానికి లోపలికి నీళ్లు చిమ్మాలి. అందుకు సుమారు 227 లీటర్ల నీళ్లు వెంట తీసుకుపోతుంది. అవి సుమారు ఒకటిన్నర నిమిషంలో అయిపోతాయి. మా ఇంటి లెక్కలో అది దాదాపు పదిహేను బిందెలు. మున్సిపాలిటీ నీళ్లు రాని రోజున పదిహేను బిందెలు పట్టుకుని ఒకటిన్నర నిమిషంలో ఆవిరి చేసేవాణ్ని మా వీధి ఆడవాళ్లు ఏం చేస్తారో రాయడానికి ఈ ఉత్తరం మర్యాద ఒప్పుకోదు.

మీ కొత్త తరం విద్యుత్ మోటార్లకు ఆ దాహం లేదంటారు. సరే. దుమ్ము సంగతి?

ఎన్నికల కాలంలో మా దగ్గర హెలికాప్టర్ దిగడం మీరెప్పుడైనా చూశారా? మీ పెద్దన్నగారే గదా. కాలేజీ మైదానంలో తెల్లవారుజాము నుంచి ట్యాంకర్లతో నీళ్లు చల్లుతారు. సున్నంతో గుండ్రంగా గీత గీస్తారు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి పొగ పెడతారు. నాయకుడు ఆలస్యంగా వస్తాడు, ఈలోగా చల్లిన నీళ్లు ఎండిపోతాయి. హెలికాప్టర్ ఇంకా తాటిచెట్టు ఎత్తులో ఉండగానే ఎర్రమట్టి లేచి జనం మీద పడుతుంది. ఆడవాళ్లు కొంగు ముఖానికి చుట్టుకుంటారు, బందోబస్తు పోలీసులు టోపీలు పట్టుకుని వెనక్కి తిరుగుతారు, షామియానా ఒక మూల గుంజ పీక్కుని ఎగురుతుంది. స్వాగత ద్వారానికి కట్టిన అరటి చెట్టు నాయకుడి కంటే ముందే నేలకు సాష్టాంగపడుతుంది. ఆ రెండు నిమిషాలు పైలట్‌కు కింద ఏముందో కనపడదు. పొడి నేలల మీద ఇలా కళ్లు కప్పుకుపోయి కూలిన హెలికాప్టర్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పెద్ద రెక్కలతో నెమ్మదిగా గాలిని తోసే అన్నగారి సంగతే ఇది. చిన్న ఫ్యాన్లతో వేగంగా తోసే తమరు మా మిద్దెల మీద దిగితే, ఆరబెట్టిన వడియాలు పక్క మండలంలో ఏరుకోవాలి.

ఎండ మాట కూడా చెప్పాలి. వేడి గాలి పలచబడుతుంది, ఎత్తుకు పోయినకొద్దీ ఇంకా పలచబడుతుంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, పుస్తకాల్లో లెక్క వేసే 15 డిగ్రీల సముద్రతీరపు గాలి కంటే దాదాపు 12 శాతం పలచన. ఆ మేరకు మీ ఫ్యాన్లు ఎక్కువ కష్టపడాలి, మోటార్లు ఎక్కువ కాగాలి, వాటిని చల్లబరచవలసిన గాలేమో అప్పటికే కాగి ఉంటుంది. ఆషాఢం వస్తే వేరే కథ. రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది అలంకారానికి కాదు. ఆ గాలిలో ఒకచోట కదలకుండా నిలబడి, మిద్దె మీద గీసిన సున్నపు గీతలో దిగాలి.

ఆస్ప్రే దగ్గర వెటకారం ఆపుతాను. రెక్కల చివర రోటర్లు పైకి తిప్పి లేచి, ముందుకు వంచి విమానంలా పోయే ఆ యంత్రం 1989లో తొలిసారి ఎగిరింది, అమెరికా సైన్యం చేతికి పూర్తిగా అందేసరికి 2007 వచ్చింది. మధ్యలో, 2000 ఏప్రిల్‌లో ఆరిజోనాలో ఒక్క ప్రమాదంలోనే 19 మంది చనిపోయారు. వేగంగా కిందికి దిగుతున్నప్పుడు ఒక రోటర్ తాను తోసిన గాలి సుడిలోనే చిక్కుకుంది. ఇంజన్ ఎంత బలంగా తిప్పినా ఆ సుడిలో పట్టు దొరకదు. హెలికాప్టర్లకు తెలిసిన ప్రమాదమే, కానీ రెండు పక్కల రెండు రోటర్లున్న చోట ఒకటి పట్టు తప్పితే మొత్తం తిరగబడుతుంది. ఎంత నిదానంగా దిగాలో ఆ తరువాత నియమాలు రాశారు. నిలువుగా దిగడం నిలువుగా లేవడం కంటే కష్టమని తెలుసుకోవడానికి ఇంత ఖరీదు చెల్లించారు. కరపత్రాల్లో మీరు లేస్తున్న బొమ్మలే ఎందుకు వేస్తారో నాకు అప్పటి నుంచి అర్థమవుతోంది.

పద్దెనిమిదేళ్లు ఆలస్యమా అని మేం ముక్కున వేలు వేసుకోం. నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం 1996-97లో మంజూరై 2016లో రైలు ఎక్కింది. అక్కడ ఎగరవలసిన పని కూడా లేదు. కడప-బెంగళూరు మార్గం 2008-09 బడ్జెట్లో వచ్చింది, సుమారు 255 కిలోమీటర్లు. రైలు కడప నుంచి పెండ్లిమర్రి దాకా వచ్చి అలసిపోయింది. కర్నూలుకు ఓర్వకల్లు దగ్గర 2021 మార్చిలో విమానాశ్రయం ప్రారంభించారు. చక్కటి రన్‌వే. మొదట మూడు ఊళ్లకు విమానాలు తిరిగాయి, తరువాత పలచబడ్డాయి. రన్‌వే ఉన్నచోట విమానం అరుదు, విమానం వస్తానన్నచోట రన్‌వే అక్కర్లేదు. దీన్నే ప్రణాళిక అంటారనుకుంటాను.

ఇక తమ నేటి అవతారం. ఇంధనం బదులు బ్యాటరీ, ఒకటి రెండు ఇంజన్ల బదులు ఎన్నో చిన్న మోటార్లు. ఒకటి ఆగినా మిగతావి పట్టుకుంటాయి, కంప్యూటర్ క్షణక్షణం సర్దుతుంది. ఇది నిజమైన ముందడుగే, ఒప్పుకుంటాను. పాత హారియర్ పైలట్లు చేతులతో చేసిన గారడీని ఇప్పుడు అరచేతిలో పట్టే పరికరం చేస్తోంది. కానీ కిలో కిరోసిన్‌లో ఉన్న శక్తి, కిలో బ్యాటరీలో ఉన్నదానికి నలభై రెట్లకు పైనే. మోటారు ఇంజన్ కంటే పొదుపరి కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది, అంతే. కిరోసిన్ ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా ఒక్క గ్రాము తగ్గదు. గాలిలో నిలబడటానికి ముందుకు సాగేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు కావాలి. ఆ పని రెండోసారి పడేది ప్రయాణం చివర, బ్యాటరీ అడుగంటిన వేళ. ఫోనులో పది శాతం మిగిలినప్పుడు కూడా పాట వినేవాణ్ని నేను. పది శాతంతో మిద్దె మీద దిగమంటే దండం పెడతాను.

ఈ లెక్క తప్పించుకోవడానికి మీవాళ్లు రకరకాల దారులు వెతికారు. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే తక్కువ శక్తితో నిలబడవచ్చు, అందుకు పెద్ద రోటర్లు కావాలి, అవి ముందుకు పోయేటప్పుడు అడ్డం. చిన్న ఫ్యాన్లు పెడితే ముందుకు హాయిగా పోతాయి, నిలబడేటప్పుడు బ్యాటరీని జుర్రేస్తాయి. రెక్కల వెంట చిన్న చిన్న ఫ్యాన్లు వరుసగా పేర్చిన జర్మనీ లిలియం కంపెనీ 2024 అక్టోబరులో దివాలా బాట పట్టింది. పెద్ద గొడుగులాంటి చట్రం మీద రోటర్లు పరిచిన వోలోకాప్టర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రయాణికులను తిప్పుతామంది. ఆటలు అయిపోయాయి, ప్రదర్శన కోసం ఎగిరింది గానీ ప్రయాణికులు ఎక్కలేదు. డిసెంబరులో అదీ దివాలా అంటూ కోర్టు మెట్లెక్కింది. ఎటువైపు వంగినా దెబ్బ తగిలిందంటే తప్పు ఇంజినీర్లది కాదు, ఎంత మోయగలమో తెలియకముందే తేదీలు ప్రకటించినవాళ్లది.

మీరు అసలు పనికిరారని నేను అనడం లేదు. మీ కుటుంబంలో అందరికంటే చిన్నవాణ్ని మొన్న ఒక కందిచేను గట్టు మీద చూశాను. ఆరు చేతుల డ్రోను, మధ్యలో పది లీటర్ల మందు ట్యాంకు. డ్వాక్రా సంఘంలో శిక్షణ పొందిన అమ్మాయి, చీర కొంగు నడుముకు దోపుకుని, రిమోటు మెడలో వేసుకుని నిలుచుంది. గట్టున చిన్న ఆటో ట్రాలీలో జనరేటరు, మూడు జతల బ్యాటరీలు. లేచింది, చాలు వెంబడి పోయి వచ్చింది, పది నిమిషాలు కాకముందే దిగింది. బ్యాటరీ ముట్టుకుని "వేడిగా ఉంది, ఇప్పుడే చార్జింగ్ పెట్టకూడదు" అని తడిగుడ్డ పరిచిన నీడలో పెట్టింది, రెండోది తగిలించింది. రైతు "ఎకరానికి ఎంతమ్మా" అన్నాడు, ఆమె చెప్పింది, ఆయన ఒక యాభై తగ్గించమన్నాడు. ఎవరూ భవిష్యత్తు గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన డ్రోన్ దీదీ పథకం కింద ఇలా 15,000 మహిళా సంఘాలకు ఇస్తామన్నారు, ఖరీదులో 80 శాతం, ఎనిమిది లక్షల దాకా సాయం. ఆ అమ్మాయికి తన యంత్రం ఎంత మోయగలదో, ఎంతసేపు నిలబడగలదో, ఎంత వేడికి అలుగుతుందో అన్నీ తెలుసు. మీ కంపెనీల సభావేదికల మీద ఆ మూడు ప్రశ్నలకూ నాకు ఇంత సూటిగా జవాబు దొరకలేదు.

పక్కనే కర్నూలు జిల్లాలో మీ చిన్నవాళ్లకు ఇంకొక రకం మర్యాద కూడా జరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో డీఆర్‌డీవో అక్కడి పరీక్షా క్షేత్రంలో లేజరుతో డ్రోన్లను కాల్చి పడగొట్టి చూపించింది. ఎగరడం నేర్పేదీ మా నేలే, పడగొట్టడం నేర్పేదీ మా నేలే. విశాలంగా, ఖాళీగా, ఎండగా ఉన్నందుకు మాకు దక్కిన గౌరవం ఇది. పరీక్ష మా దగ్గర, ప్రయాణం బెంగళూరులో. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పెద్దలను విమానాశ్రయానికి చేర్చడానికి తయారయ్యే యంత్రం మా చేలలో ఊగుతూ నేర్చుకుని అక్కడికి వెళ్తుంది. ఏతావాతా, తక్కువ మోసి ఎక్కువ వసూలు చేసే బండి ఎక్కేది ఎవరో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

కాబట్టి కర్మాగారం పెట్టండి, మా పిల్లలకు అందులో ఉద్యోగాలివ్వండి, కాపలా పని మాత్రమే కాకుండా. పరీక్షలు చేయండి, కానీ డిసెంబరు పొద్దున మంచులో కాదు, మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, నీళ్లు చల్లకుండా వదిలిన దుక్కి నేల మీద, లోపల నలుగురు ఒడ్డూ పొడుగూ ఉన్న మనుషులను కూర్చోబెట్టి, ఒక బస్తా వేరుశనగ బుడ్డలు కూడా వేసి. ఎంత దూరం పోయిందో, దిగాక బ్యాటరీలో ఎంత మిగిలిందో పేపర్లో వేయించండి. లేచిన ఫోటో అక్కర్లేదు. ఆ తరువాత మొదటి సర్వీసు బెంగళూరులో కాకుండా ఇక్కడే వేయండి: పాము కరిచిన మనిషిని పల్లె నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి. ఒక్క మనిషి, ముప్పై నలభై కిలోమీటర్లు, ఒకసారి లేవడం, ఒకసారి దిగడం. మీ ఒంటికి సరిపడే పని ఈ లోకంలో ఏదైనా ఉంటే అది ఇదే. దీనికి ఇన్వెస్టర్లు దొరకరంటారా, అదీ పేపర్లో వేయించండి.

ఇట్లు
తమ రాక కోసం మిద్దె మీది నీళ్ల ట్యాంకు జరపడానికి ఇంకా తొందరపడని
అనంతపురం వాస్తవ్యుడు

తా.క.: మా ఇంట్లో ఈ ఉత్తరం చదివి ఒక ప్రశ్న కలపమన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి ఉచితంగా వెళ్తున్నారు. తమ దగ్గర ఆ సదుపాయం ఉంటుందా? ఉంటే, నిలబడి ప్రయాణించడానికి అనుమతిస్తారా?